కూలివాని యిల్లు ఏ యూరి బాధ్యత?

సేద్యమునకు భూమి, నీరు, విత్తనము, ఎరువు ఎంత ముఖ్యములో పనివాడును అంత ముఖ్యుడు. ఈ మాట తెలియని రైతు లేడు. చెఱకు నఱకు దినములలోను, అల్లము త్రవ్వు దినములలోను, ఆలుగడ్డలు తీయు దినములలోను పనివారు దొరకక పంట పొలముననే నిలిచిపోవుట మన జహీరాబాదు ప్రాంతమున క్రొత్త కాదు. అట్టి సమయమున కూలి హెచ్చినదని మనము వగచుచున్నాము గాని, ఆ పనివాడు రాత్రి యెక్కడ పండుకొనుచున్నాడు, అతని ఆలుబిడ్డలు ఏ కప్పు క్రింద నున్నారు, దానికి అతడెంత అద్దె చెల్లించుచున్నాడు అని విచారించుట లేదు. ఇల్లు దొరకని పనివాడు ఊరు విడుచును. ఊరు విడిచినవాడు కోతకాలమునకు తిరిగి రాడు. కావున పనివాని యింటి సంగతి రైతు సంగతి కాదనుట తగదు.

అయితే ఆ యింటి భారము ఎవరిది? పట్టణమున కర్మాగారములో పనిచేయుచు సమీప గ్రామమున అద్దెకుండు వానిని చూచి, వాడు పల్లెవాడని పురపాలక సంఘము వారందురు. వాడు పట్టణపు పనివాడు, మా యూరివాడు కాడని పంచాయతీ వారందురు. పరిశ్రమల వారు జీతమిచ్చుటతో తమ పని తీరినదందురు. పదిమందిలో పాము చావదను సామెత యిచ్చట చక్కగా నన్వయించును. ఇట్టి భారమును ఇరుగుపొరుగు స్థానిక సంస్థలు ఎట్లు పంచుకొనవచ్చునో, అందు సహకార సంఘ సభ్యులకు గల పని యేమో ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

మన ప్రాంతపు పరిస్థితి

పూనా నుండి మచిలీపట్టణమునకు బోవు 65వ జాతీయ రహదారి మన పట్టణము మీదుగా సాగుచున్నది. ట్రాక్టర్లు తయారు చేయు కర్మాగారము ఇచ్చట నున్నది. దీనికి తోడు ‘నిమ్జ్’ అని వాడుకలోనున్న జాతీయ పెట్టుబడి ఉత్పత్తి మండలము కొఱకు ఝరాసంగము, న్యాల్‌కల్ మండలములలోని 17 గ్రామములందు 12,635 ఎకరములు సేకరింప నిర్ణయించిరి. 2024 ఆగస్టు 28వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమున 12 పారిశ్రామిక నగరముల కనుమతి నొసగగా అందు జహీరాబాదు ఒకటి. ఇందుకు 3,245 ఎకరములును, 2,361 కోట్ల రూపాయల వ్యయమును అంచనా వేసిరి.

పరిశ్రమలు వచ్చిన పిదప పనివారు వత్తురు. పెద్ద ఉద్యోగులు నగరమునుండి కార్లలో వచ్చిపోవచ్చును. కాపలావాడు, బరువులు మోయువాడు, వంటవాడు, ఊడ్చునది, యంత్రము చెంత సహాయకుడు మాత్రము దగ్గఱనే యుండవలయును. వారికి గదులు దొరకునది చుట్టుపట్ల పల్లెలలోనే. గది అద్దె హెచ్చినప్పుడు మొదట బాధపడువాడు క్రొత్తగా వచ్చిన వాడు కాడు. స్వంత యిల్లు లేక తరతరములుగా ఆ యూరనే అద్దెకో, ఒకరి పంచనో యున్న మన పొలముల కూలివాడు. నెలజీతము గలవానితో అద్దె విషయమున దినకూలి వాడు పోటీ పడలేడు.

గ్రామములను పట్టణమున గలుపుటయే దీనికి మందని కొందరి తలంపు. 2018లో పస్తాపూరు, అల్లీపూరు, రంజోలు మొదలగు గ్రామములు జహీరాబాదు పురపాలక సంఘమున విలీనము చేయబడెను. దానివలన వీధి దీపములకు, మురుగు కాలువలకు కొంత మార్గము కలుగవచ్చును. కాని గ్రామములకు మాత్రమే వర్తించు ఉపాధి పని అట్టి చోట్ల నిలిచిపోవును. ఇంటి పథకమును గ్రామపు పట్టికనుండి పట్టణపు పట్టికకు మాఱును. ఎల్లగీత జరిగినంత మాత్రమున ఒక్క యిల్లైనను లేవదు. గీతకు ఆవలనున్న తరువాతి గ్రామమునకు అదే చిక్కు మరల మొదలగును.

స్థలము లేనివాని చిక్కు

ఇండ్ల కొఱకు ప్రభుత్వ పథకములు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వపు ప్రధానమంత్రి ఆవాస పథకము పట్టణములకు 2015లోను, గ్రామములకు 2016లోను వేర్వేరుగా నారంభమయ్యెను. మన రాష్ట్రమున ఇందిరమ్మ యిండ్ల పథకము 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభింపబడినది. దీని క్రింద ఒక్కొక యింటికి 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా నిత్తురు. పునాది పూర్తియైన పిదప 1 లక్ష, గోడలు లేచిన పిదప 1 లక్షా 25 వేలు, పైకప్పు పడిన పిదప 1 లక్షా 75 వేలు, పని యంతయు ముగిసిన పిదప మిగిలిన 1 లక్ష. అర్హులను గుర్తించుటకు ప్రతి గ్రామమునకు ఇందిరమ్మ కమిటీ కలదు. అందు సర్పంచి గాని ప్రత్యేకాధికారి గాని అధ్యక్షుడు. మహిళా సంఘములనుండి ఇద్దరు స్త్రీలు, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలనుండి ఒక్కొక్కరు సభ్యులు.

ఇందు రెండు సంగతులను పాఠకులు జాగ్రత్తగా గమనింపవలయును. మొదటిది, తొలి విడత యిండ్లు నియోజకవర్గమునకు 3,500 చొప్పున నిర్ణయింపబడినవి. మన నియోజకవర్గమున జహీరాబాదు పట్టణము, జహీరాబాదు, కోహీరు, న్యాల్‌కల్, ఝరాసంగము, మొగుడంపల్లి మండలముల గ్రామములు కలవు. అనగా పట్టణమును పల్లెలును ఇదివరకే ఒకే గంపలోని యిండ్లను పంచుకొనుచున్నవి. పంపకము ఏ లెక్క మీద జరుగవలెనో ముందుగా కూర్చుండి మాటాడుకొనలేదు గాన, గట్టిగా అడిగిన ఊరికి ఎక్కువయు, నోరులేని ఊరికి తక్కువయు వచ్చు భయము కలదు.

రెండవది, మొదటి విడతలో స్వంత నివేశన స్థలము గలవారికే ప్రాధాన్యము. స్థలము లేనివానికి 5 లక్షలు చూపినను ప్రయోజన మేమి? పునాది త్రవ్వుటకు జానెడు నేల లేదు. గ్రామకంఠములు నిండిపోయినవి. తండ్రి కట్టిన రెండు గదులను ముగ్గురు కొడుకులు పంచుకొనిరి. కొన్ని గ్రామములలో ప్రభుత్వ భూమి యున్నను పంచాయతీ వద్ద దారి వేయుటకు, నీరు తెచ్చుటకు ధనము లేదు. పట్టణమునకు ధనము కొంత సమకూరినను చౌకయైన భూమి లేదు. ఒకరి కొఱత మఱియొకరి కలిమితో తీరవలసి యున్నది. ఇదియే ఉమ్మడి బాధ్యత యనుటకు మూలము.

కొల్లూరు నేర్పు పాఠము

ఒక యూరి బీదలకు మఱియొక యూరి నేలపై ఇండ్లు కట్టుట మన జిల్లాలోనే జరిగినది. సంగారెడ్డి జిల్లా తూర్పు కొనను, రామచంద్రాపురము మండలమున కొల్లూరు కలదు. హైదరాబాదు నగరములో బీదలకు స్థలము దొరకమి వలన రెండు పడక గదుల యిండ్ల పథకము క్రింద ఇచ్చట 145 ఎకరములలో 117 బహుళ అంతస్తుల భవనములందు 15,660 ఇండ్లను నగరపాలక సంస్థ వారు నిర్మించిరి. వ్యయము సుమారు 1,489 కోట్ల రూపాయలు. 2023 జూన్ 22వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు వీనిని ప్రారంభించిరి. ఆ కాలమున కొల్లూరు తెల్లాపూరు పురపాలక సంఘమున నుండెను. నగరపాలక సంస్థ యెల్లలకు వెలుపలిది.

ఇంటికి నలుగురైదుగురు చొప్పున లెక్కించినచో, నిండు కాపురములైన నాడు అచ్చట అఱువది డెబ్బది వేల జనముండును. 2011 జనాభా లెక్కలలో మన జహీరాబాదు పట్టణ జనసంఖ్యయే సుమారు 71 వేలు. అనగా ఒక జహీరాబాదును 145 ఎకరములలో నిలువున పేర్చి ఒక చిన్న పురపాలక సంఘపు ఒడిలో పెట్టినట్లు. ఆ జనమునకు బడి, వైద్యశాల, బస్సు, చౌకధరల దుకాణము, చెత్త తీయుట మొదలగు నిత్య కృత్యములు ఉన్నచోటనే జరుగవలయును.

ఇందు మెచ్చదగిన యంశ మొకటి కలదు. నగరమునకు వెలుపల కట్టిన యిట్టి కాలనీలలో నూటికి 10 యిండ్లు, లేక 1,000 యిండ్లు, ఏది తక్కువైన అది స్థానిక బీదల కీయవలెనని ప్రభుత్వము నియమము చేసెను. నేల నిచ్చిన యూరికి వంతు కలదని దీనివలన అంగీకరించినట్లయ్యెను. కాని లెక్క చూడుడు. 15,660లో నూటికి 10 అనగా 1,566. హద్దు 1,000 గాన స్థానికుల వంతు నూటికి ఆఱు కంటె కొంచె మెక్కువ మాత్రమే. కాలనీ పెద్దదగుకొలది స్థానికుని వంతు చిన్నదగును. స్థానిక సంస్థ మోయు భారము మాత్రము పెద్దదగును. ఈ వంతు లెక్క తలక్రిందుగా నున్నది.

రెండవ లోపము దూరము. నగరము నడిబొడ్డున ఇండ్లలో పని చేసికొను స్త్రీకి నగరము బయట ఉచితముగా నిల్లిచ్చినను, దినమునకు రెండు పూటల ప్రయాణపు ఖర్చును, పోయిన కాలమును ఆమె సంపాదనలో పెద్ద భాగము తినివేయును. ఇల్లు నిలిచినది గాని బ్రతుకు నిలువదు. ఇసుకమీది పునాది వంటిది పని లేనిచోటి యిల్లు.

2025 డిసెంబరులో తెల్లాపూరు, అమీనుపూరు మొదలగు 27 శివారు పురపాలక సంస్థలు నగరపాలక సంస్థలో విలీనము చేయబడెను. ఎల్ల తొలగినది గాన పంచుకొను చిక్కు లేదని తోచవచ్చును. కాని పెద్ద నగరమున గలియుట మనకు లభించు మార్గము గాదు. జహీరాబాదు చుట్టును వందకు మించిన గ్రామములును, వేలాది యెకరముల సేద్యమును కలవు. వీని నన్నిటిని పట్టణము చేయుట తగదు. పల్లె పల్లెగా నుండియే పట్టణముతో ఒడంబడికకు రావలయును.

ఇట్టి భారము నెత్తికొనుటకు వేఱొక సంస్థను స్థాపించుటయు మన దేశమున క్రొత్త గాదు. 1908 సెప్టెంబరులో మూసీ వఱద హైదరాబాదును ముంచిన పిదప, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడెను. ఆ బోర్డు ఇఱుకైన వాడలను తొలగించి, బీదలకును మధ్య తరగతి వారికిని అద్దెకిచ్చుటకై ఇండ్లు కట్టించెను. ఉన్న కార్యాలయములు మోయలేని పనికి ఒక పూనికగల సంస్థ కావలెనని ఆ కాలముననే గ్రహించిరి.

పరదేశముల పద్ధతి

అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములో మౌంట్ లారెల్ అను చిన్న పట్టణము కలదు. పెద్ద స్థలములలో పెద్ద యిండ్లే కట్టవలెనను నియమములు పెట్టి, బీదలు తమ యెల్లలోనికి రాకుండ చేసినదని ఆ పట్టణముపై వ్యాజ్యము నడచెను. 1975లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, పెరుగుచున్న ప్రతి పట్టణమును తన ప్రాంతపు బీదల యిండ్లలో న్యాయమైన వంతు మోయవలెనని తీర్పు చెప్పెను. 1985లో చేసిన చట్టము, ఒక పట్టణము తన వంతులో సగము వఱకు పొరుగు పట్టణమునకు ధనమిచ్చి అప్పగింపవచ్చునని యొప్పుకొనెను. దాని ఫలమేమి? ధనిక పట్టణములు డబ్బు చెల్లించి బీదలను బీద పట్టణములకే నెట్టివేసెను. కావున 2008లో ఆ వెసులుబాటును రద్దుచేసిరి.

ఫ్రాన్సు దేశమున 2000 సంవత్సరపు చట్టము వేఱొక దారి త్రొక్కెను. పెద్ద పట్టణ సముదాయములలోని 3,500కు మించిన జనము గల ప్రతి స్థానిక సంస్థయు తన యిండ్లలో నూటికి 20 వంతులు చౌక అద్దె యిండ్లుగా నుంచవలయును. 2013లో ఈ సంఖ్యను అనేక చోట్ల 25కు పెంచిరి. వంతు తీర్పని సంస్థ యేటేట జరిమానా చెల్లించును.

ఈ రెండు దేశముల యనుభవము మనకు చెప్పునది సుళువుగా తెలియును. వంతు ముందుగా నిర్ణయింపవలయును. డబ్బిచ్చి పూర్తిగా తప్పించుకొనుటకు సందీయరాదు. భారము మోసిన వానికి ప్రతిఫలము ముట్టవలయును. మన చెఱువుల క్రింది నీటివంతు కూడ ఇట్టిదే గదా! మూడు గ్రామముల ఆయకట్టు గల చెఱువున ఎగువ గ్రామము వారు తూము తెఱచి తమ చాలినంత పెట్టుకొని పోరాదు. వంతు దినములు కలవు, నీరటి కలడు, పూడిక తీయుటకు మూడు గ్రామములును మనుష్యులను పంపవలయును. నీటి విషయమున తరతరములుగా నడపిన న్యాయమును ఇంటి విషయమున నడపలేమా?

చట్టమున గల మార్గము

1992లో చేసిన రాజ్యాంగ సవరణలు పంచాయతీలకును, పురపాలక సంఘములకును నిలుకడ కల్పించినవి. గ్రామీణ గృహనిర్మాణము పంచాయతీల కప్పగింపదగిన విషయములలో నొకటి. అంతకంటె ముఖ్యమైనది, జిల్లా ప్రణాళికా సంఘమును గూర్చిన 243 జడ్‌డి అను అధికరణము. పంచాయతీలకును పురపాలక సంఘములకును ఉమ్మడిగా సంబంధించిన విషయములను, అనగా నేల వినియోగమును, నీటి పంపకమును, ఇతర సహజ వనరుల పంపకమును దృష్టిలో నుంచుకొని ఈ సంఘము జిల్లాకంతటికి ఒకే ప్రణాళికా ముసాయిదా తయారు చేయవలయును. సభ్యులలో అయిదింట నాలుగు వంతులు జిల్లా పంచాయతీ, పురపాలక సంఘముల సభ్యులు తమలోనుండి యెన్నుకొనిన వారై యుండవలయును. అదియు జిల్లాలోని గ్రామ, పట్టణ జనసంఖ్యల నిష్పత్తి ననుసరించి. పట్టణమును పల్లెయు ఒకే బల్ల ముందు కూర్చుండుటకు రాజ్యాంగమే పీట వేసినది. ఆ పీటపై కూర్చుండువారు ఎన్నడు కూడుచున్నారో, ఇండ్ల మాట యెత్తుచున్నారో లేదో సభ్యులు తమ ప్రతినిధులను అడిగి తెలిసికొనవలెను.

2024 ఫిబ్రవరి మొదలు గ్రామములు ప్రత్యేకాధికారుల పాలన క్రింద నుండెను. 2025 డిసెంబరులో పంచాయతీ యెన్నికలు జరిగినవి. ఇపుడు అడుగుటకు సర్పంచి కలడు; సమాధానము చెప్పవలసిన పూచీ అతనికి కలదు.

పన్నుల సంగతియు తెలియవలయును. ప్రత్యేకాధికార మొసగబడిన పారిశ్రామిక వాడలలో కర్మాగారముల ఆస్తిపన్నును పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ వారు వసూలు చేసి, నూటికి 35 వంతులు మాత్రము స్థానిక సంస్థకు చెల్లించుదురు. మిగిలినది వాడ నిర్వహణకే పోవును. పనివారు పండుకొనునది పల్లెలో. పన్నులో పెద్ద వంతు వ్యయమగునది వాడలో. పనివారి యిండ్లకు, వానికి కావలసిన నీటికి దారికి ఆ పెద్ద వంతునుండి కొంత ప్రత్యేకింపవలెనని అడుగుట న్యాయము.

సభ్యులు చేయదగిన పనులు

మొదట లెక్క కావలయును. పట్టణమును చుట్టుపట్ల గ్రామములును ఒకే వారమున ఇల్లు లేనివారి పట్టిక వ్రాయించినచో, ఒకే మనుష్యుడు రెండు చోట్ల చేరడు, ఎవ్వరును విడువబడరు. అద్దెకున్నవారిని, ఒకే యింట నున్న వేఱు కాపురములను, పని కొఱకు వచ్చి స్థిరపడిన వారిని గూడ చేర్పవలయును. నియోజకవర్గపు యిండ్లను ఈ లెక్క ననుసరించి ఊరూరికి పంచవలెనని గ్రామసభలు తీర్మానింపవలయును.

రెండవది స్థలము. వ్యవసాయ ప్రదర్శకులముగా మేమీ విషయమున గట్టిగా చెప్పగలము. శనగయు జొన్నయు పండు నల్లరేగడిలో ఇండ్ల స్థలములు వేయుట రెండు విధముల నష్టము. పంట పోవును, ఎండకు బీటవారి వానకు ఉబ్బు ఆ నేలలో పునాదికి ఖర్చు హెచ్చి, తగు జాగ్రత్త లేనిచో గోడలు పగులును. శిఖము భూమిలో ఇల్లు కట్టినచో ఒక మంచి వానకు నీరు తన చోటికి తాను వచ్చును. గట్టి మొరము గల మెట్ట, వాన నీరు నిలువని వాలు, త్రాగునీరు అందుబాటులోనున్న చోటు ఇండ్లకు తగినది. బావికిని మరుగుదొడ్డి గుంటకును చాలినంత యెడముండవలెను. గుంట బావికి దిగువ వాలున నుండవలెను. ఏ గ్రామపు ఎల్లలో ఇట్టి నేల యున్నదో ముందు చూచి, ఎవరి యిండ్లు ఎచ్చట వేయవలెనో పిదప నిర్ణయించుట మేలు.

మూడవది ఒడంబడిక. పట్టణపు బీదలకు గాని పరిశ్రమ పనివారికి గాని ఒక గ్రామము నేల నిచ్చినచో, ఆ గ్రామపు బీదల వంతు ఎంతో ముందుగా వ్రాసికొనవలెను. ఆ వంతుకు కొల్లూరులో వలె పైహద్దు పెట్టరాదు. దారి, నీరు, బడి గదులు ఎవరు వేయింతురో, వేసిన పిదప ఎవరు కాపాడుదురో, ఇంటిపన్ను ఎవరికి చెందునో కాగితము మీద నుండవలయును. ఇండ్లు పూర్తియగుటకు ముందే నీరు రావలయును. పనిచోటికి సైకిలు మీద పోగల దూరము మించరాదు.

నాలుగవది మన సహకార సంఘము చేయదగినది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దల మాట యూరకనే పుట్టలేదు. ప్రభుత్వ ధనము పని జరిగిన పిదప వచ్చును. పునాదికి కావలసిన రాయి, సిమెంటు, కూలి ముందే కావలయును. ఆ మొదటి విడత వచ్చు వఱకు బీదవాడు అధిక వడ్డీకి అప్పు తెచ్చును. ఇల్లు లేచునప్పటికి మిగిలిన ధనము వడ్డీకే చాలదు. సంఘపు నియమావళి యనుమతించు మేరకు సభ్యులకు పునాది కొఱకు స్వల్పకాలపు అప్పిచ్చి, విడత సొమ్ము రాగానే జమ కట్టుకొను నేర్పాటు చేయవచ్చును. పది యిండ్ల సిమెంటును, ఇనుమును ఒకేసారి కొని సంఘపు గిడ్డంగిలో నుంచినచో ధర తగ్గును, తూకము నిలుచును. ఎరువుల విషయమున మనము చేయుచున్న పనియే ఇది.

కూలివారికి ఇండ్లు వచ్చినచో గ్రామము ఇఱుకగునని, భూముల ధరలు మాఱునని కొందరు రైతుల సంశయము. వారికి మేము చెప్పునది ఒక్కటి. ఇండ్లు ఎట్లును వచ్చును. ముందుగా చోటు చూపినచో మెట్టలో వరుసగా, దారితో నీటితో వచ్చును. చూపకున్నచో మన పొలము గట్లమీద, వాగుల ఒడ్డున, రహదారి ప్రక్కన తడికలతో రేకులతో వచ్చును. అపుడు దారి వేయుటకు చోటుండదు. మురుగు మన కాలువలోనికే దిగును.

కావున సభ్యులు ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చించి, తమ గ్రామసభలో ఇల్లు లేనివారి పట్టికను గూర్చి తీర్మానము ప్రతిపాదించి, దాని నకలును పొరుగు గ్రామముల సంఘములకును పురపాలక సంఘమునకును పంపవలెనని కోరుచున్నాము. ఒక గ్రామపు తీర్మానమును కార్యాలయమున త్రోసిపుచ్చవచ్చును. ఇరువది గ్రామములును ఒక పట్టణమును ఒకే లెక్కతో, ఒకే మాటతో పోయినచో త్రోసిపుచ్చుట సులభము గాదు. వానకాలపు విత్తనములు వేయుటకు ముందే ఈ పని మొదలిడుట మంచిది. నాట్లు, కలుపులు మొదలైన పిదప సభలకు వచ్చు తీరిక మనలో ఎవ్వరికిని ఉండదు.